కర్రెబోడు కాళ్ళ రిజిస్టరు

మార్చి పదకొండో తేదీ, మంగళవారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకి కర్రెబోడుపల్లె ముందర, మంచినీళ్ళ పైపు కోసం ముగ్గు పోసిన గీత మీద ప్రభుత్వ యంత్రం కూసింది. గీత పొడవు రెండువందల పన్నెండు మీటర్లు. యంత్రం మీటరుకి ఒకసారి చొప్పున రెండువందల పన్నెండుసార్లు కూసింది.

గీత పోసినవాడు పల్లపు నడిపెన్న. వయసు యాభైనాలుగు. రాళ్ళు కొట్టడం, బావులు తవ్వడం తాతలనాటి వృత్తి. ఇప్పుడు బావులు తవ్వించేవాళ్ళు లేరు కాబట్టి పైపుల కాలవలు తవ్వుతాడు. రోడ్డు పక్కన వేసిన పెద్ద పైపులోకి నీళ్ళు వచ్చి రెండేళ్ళయింది. అక్కడినుంచి ఊళ్ళోకి కాలవ తవ్వి చిన్న పైపు వేస్తే ఊరికి కుళాయి వస్తుంది. పైపులు దిగి ఉన్నాయి. ఆరుగురు మనుషులకి నాలుగు రోజుల పని.

ఆ నాలుగు రోజుల కోసం నడిపెన్న జనవరి నుంచి కాచుకుని ఉన్నాడు. జనవరిలో అతని భార్య లచ్చుమక్కకి పెద్దాసుపత్రిలో గర్భసంచి తీసేశారు. ఆర్నెల్లపాటు చెంబుకి మించి బరువు ఎత్తకూడదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఊరికి నీళ్ళు కిలోమీటరున్నర అవతలి మోటారు బావినుంచి రావాలి. మోటారుకి కరెంటు ఎనిమిదినుంచి పది దాకా ఇస్తారు. ఆ వేళకి నడిపెన్న పనిలో ఉంటాడు. ఉన్న ఒక్క కూతురు అత్తగారింట్లో ఉంది. కాబట్టి లచ్చుమక్క సగం బిందె చొప్పున రెండుసార్లు పోయి వస్తోంది. ఉగాదికి కుళాయి తెప్పిస్తానని నడిపెన్న ఆమెతో అన్నాడు.

యంత్రం ఎందుకు వచ్చిందో చెప్పాలి. అంతకు ముందు శ్రావణ మాసంలో ఇంకెక్కడో ఒక జిల్లాలో ఇంటి పునాది తవ్వుతుంటే కుండ దొరికింది. కుండలో పాత నాణేలు ఉన్నాయి. తవ్వినవాళ్ళు పంచుకున్నారు. పంపకంలో తేడా వచ్చి ఒకడు పోలీసు స్టేషనుకి పోయాడు. దాంతో నేల కింద ఏముందో తనకి తెలియదన్న సంగతి ప్రభుత్వానికి తెలిసింది. రెండు నెలల్లో ఒక ఉత్తర్వు వచ్చింది. రెండడుగులకి మించి ఎవరు ఎక్కడ ఏ కారణం చేత తవ్వదలచినా, ముందుగా ఆ స్థలాన్ని యంత్రంతో పరీక్ష చేయించి, నిక్షేప రహిత ధ్రువపత్రం పొందాలి. ఆ పత్రం ఇవ్వడానికి నిక్షేప పరిరక్షణ విభాగం అని ఒకటి పుట్టింది. విభాగానికి ఒక డైరెక్టరు, జిల్లాకొక అసిస్టెంట్ డైరెక్టరు, పదమూడు యంత్రాలు ఉన్నాయి.

యంత్రమంటే ఒక పొడుగు కర్ర. కింద పళ్ళెం, పైన చిన్న పెట్టె, పెట్టె మీద మూడు మీటలు. దాన్ని మోసుకొచ్చిన టెక్నీషియన్ పేరు సుదర్శనం. రిటైరు కావడానికి రెండేళ్ళుంది. రెండువందల పన్నెండో కూత అయ్యాక అతను వేపచెట్టు కింద కూర్చుని ఫారం నింపాడు. ఫారంలో రెండు గడులు ఉన్నాయి. ఒకటి ధ్వని ఉన్నది, రెండోది ధ్వని లేనిది.

నడిపెన్న సంచిలోంచి అయస్కాంతం ముక్క తీశాడు. పాడైపోయిన రేడియో స్పీకరు లోపలిది. ఉలి విరిగితే ముక్కలు ఏరుకోవడానికి పెట్టుకున్నాడు. దాన్ని నేల మీద ఒకసారి ఈడ్చి పైకెత్తాడు. ముక్క చుట్టూ నల్ల పొడి గడ్డంలా లేచి నిలబడింది.

"ఇది ఇనపరాయి సార్. ఈ బోడు గుట్టంతా ఇదే. మీ మిషను రాయిని చూసి అరస్తాంది" అన్నాడు.

"తెలుసు" అన్నాడు సుదర్శనం. "మూడో మీట అందుకే ఉంది. కొత్త చోటికి పోయినప్పుడల్లా దాన్ని తిప్పాలి. ఇక్కడి నేల ఇట్లాంటిది, నేల మాట వదిలేసి వేరే ఏదన్నా ఉంటే చెప్పు అని యంత్రానికి చెప్పడమన్నమాట."

"చెప్పండి మరి."

సుదర్శనం పెట్టెని వంచి చూపించాడు. మూడో మీట మీద గుడ్డ కప్పి, దారం చుట్టి, ఎర్ర లక్కతో ముద్ర వేసి ఉంది.

సంగతి ఏమిటంటే, యంత్రాలు కొన్న రోజున రాజధానిలో ఆఫీసు ఆవరణలో లారీ ఇసుక పోయించారు. ఏటి ఇసుక. దాని మీద పదమూడు యంత్రాలూ కూయకుండా ఉండేట్టు మూడో మీట సరిచేశారు. తర్వాత డైరెక్టరుగారికి ఒక అనుమానం వచ్చింది. కింది సిబ్బంది ఈ మీట తిప్పి, యంత్రం నోరు నొక్కేసి, నిక్షేపాన్ని తామే తవ్వుకుంటే? ఆయన అంతకుముందు పరీక్షల విభాగంలోనూ, ఎన్నికల విభాగంలోనూ పనిచేశాడు. రెండు చోట్లా విలువైనదానికి ముద్ర వేయడం చూశాడు. పదమూడు మీటలకీ ముద్రలు పడ్డాయి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఈ మీటని చోటు మారినప్పుడల్లా తిప్పాలని మూడో అధ్యాయంలో రాసి ఉంది. ఆ పుస్తకానికి కూడా ముద్ర వేసి బీరువాలో పెట్టారు.

"ఒక్క రవ్వ తిప్పితే పోదా సార్? ఎవరు చూడొచ్చినారు?" అన్నాడు నడిపెన్న.

"తిప్పితే కూత పోతుంది. ముద్ర పగిలినందుకు నేనూ పోతాను. రెండేళ్ళుంది నాకు."

సుదర్శనం మొదటి గడిలో రెండువందల పన్నెండు అని రాసి, సంతకం పెట్టి, పన్నెండు గంటల బస్సెక్కాడు.

పదిహేడో తేదీ సోమవారం అసిస్టెంట్ డైరెక్టరు కోనంకి విశ్వంభరరావు స్వయంగా వచ్చాడు. జిల్లాలో అది ఆయన విభాగానికి మొదటి కూత. యంత్రాన్ని ముందు గాలిలో పట్టించాడు. కూయలేదు. నేల మీద పట్టించాడు. కూసింది. ఊరి జనం చుట్టూ నిలబడి ఉండగా ఆయన తీర్పు చెప్పాడు.

"గాలియందు యంత్రము ధ్వని చేయుట లేదు. కావున యంత్రమునందు దోషము లేదు. నేలయందు ధ్వని చేయుచున్నది. కావున నేలయందు నిక్షేపము కలదు."

నడిపెన్న ఒక రాయి తెచ్చి ఆయన ముందర పెట్టాడు. గుమ్మడికాయంత ఉంది. పళ్ళెం దగ్గరికి తెస్తే యంత్రం కూసింది. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి రెండు చెక్కలు చేశాడు. లోపల ఏమీ లేదని, మొత్తం రాయేనని చూపించాడు. రెండు చెక్కలూ కూశాయి. మళ్ళీ కొట్టాడు. నాలుగు ముక్కలూ కూశాయి.

విశ్వంభరరావు గుమాస్తా వైపు తిరిగాడు. "వ్రాసుకొనుడు. రాతిని విడగొట్టిన కొలది నిక్షేపముల సంఖ్య వృద్ధి చెందుచున్నది. పూర్వీకులు రాతి రూపమున దాచిన విధానముగా భావించవలసియున్నది. ఇకమీదట ఈ గ్రామమునందు రాళ్ళు కొట్టరాదు."

"అయ్యా, రాళ్ళు కొట్టేది మా బతుకు" అన్నాడు నడిపెన్న.

ఆ మాట గుమాస్తా రాసుకోలేదు.

నాలుగు ముక్కల్నీ గోనె సంచిలో వేసి ముద్ర వేశారు. దారిలో ఏరిన ముప్పైయేడు రాళ్ళతో కలిపి నలభై ఒకటి అయ్యాయి. పోలీసు కాపలాతో జిల్లా ఖజానాకి పంపించి రెండు తాళాల గదిలో పెట్టారు. ఆ గదిలో చోటు చాలక ఎన్నికల పెట్టెలు వరండాలోకి వచ్చాయి.

ఆ తర్వాత మూడు రోజులు ఊరంతా సర్వే జరిగింది. తొంభైయారు ఇళ్ళు. గడపల దగ్గర కూసింది, పొయ్యిల దగ్గర కూసింది, గొడ్ల కొట్టాల్లో కూసింది, బడి ఆటస్థలంలో కూసింది. నడిపెన్న ఇంట్లో లచ్చుమక్క పడుకునే చాప ఎత్తించి చూశారు. అక్కడా కూసింది. ఆమె చాప మళ్ళీ పరుచుకుంటూ, ఇన్నాళ్ళూ బంగారం మీద పండుకుని నడుము నొప్పి అనుకుంటి గదా అంది.

ఊరి మొత్తం మీద యంత్రం కూయని చోటు ఒక్కటే దొరికింది. అది పంచాయతీ ఆఫీసు లోపలి గది. సర్పంచి బండి సంజన్న మొదట సంతోషించాడు. జనంతో, చూస్తిరా, ఊళ్ళో సుద్ధమైన చోటు నేను కట్టించిందే అని కూడా అన్నాడు. మర్నాడు అతనికి నోటీసు వచ్చింది. గ్రామమంతటా నిక్షేపము ఉండగా సదరు గది కింద మాత్రమే లేకపోవుటకు కారణమేమి, అక్కడి నిక్షేపము ఎవరిచేత ఎప్పుడు తవ్వబడినది, ఎచ్చటికి తరలించబడినది, మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకోవలసినది.

సంజన్న సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆ గది పల్లంలో ఉందని, నాలుగడుగుల ఎత్తు ఏటి ఇసుక పోసి పూడ్చామని రాశాడు. అట్లయితే ఇసుకకి పర్మిట్ రసీదు జత చేయమని తిరుగు టపాలో అడిగారు. ఇసుక పర్మిట్ లేకుండా వచ్చింది. ఇసుక పోశానని నిరూపిస్తే ఇసుక కేసు, నిరూపించకపోతే నిక్షేపం కేసు. సంజన్న ఆ కాగితం పట్టుకుని నడిపెన్న ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏది పెద్దదంటావు నడిపెన్నా?" అన్నాడు.

"ఇసుకే ఒప్పుకో మామా. నిక్షేపమంటే ఊళ్ళో వాళ్ళంతా వాటా అడుగుతారు" అన్నాడు నడిపెన్న.

అప్పటికే అడుగుతున్నారు. సంజన్న కనబడినప్పుడల్లా, తిన్నదాంట్లో మాకింత పెట్టన్నా అని కేకలు వేసేవాళ్ళు. రెండో రోజు కొందరు నవ్వకుండా అడిగారు.

మార్చి ఇరవైనాలుగున ఊరిని నిక్షేప మండలంగా ప్రకటించారు. ఊరి మొగదల బోర్డు పెట్టారు. పక్కన గుడారం వేసి హెడ్ కానిస్టేబుల్ ఖాదర్ బాషానీ, ఇంకో కానిస్టేబులునీ కాపలా ఉంచారు. మండలంలో తవ్వరాదు, కొట్టరాదు, మట్టిగాని రాయిగాని మండలం దాటించరాదు. ఇల్లు ఊడ్చిన చెత్తని కూడా ఎవరింట్లో వాళ్ళే పెట్టుకోవాలి. గడ్డపారలు, సుత్తులు, ఉలులు గుడారంలో అప్పజెప్పాలి. నడిపెన్న పదకొండు పనిముట్లు అప్పజెప్పి చీటీ తీసుకున్నాడు. అయస్కాంతం ముక్క సంగతి చెప్పలేదు.

పైపులు రోడ్డు పక్కన ఎండలో పడి ఉన్నాయి. ఊళ్ళో రాయి కొట్టకూడదు కాబట్టి నడిపెన్న పదహారు కిలోమీటర్ల అవతలి క్వారీకి పోవలసి వచ్చింది. పొద్దున ఆరున్నర బస్సుకి పోతే సాయంత్రం ఏడుకి ఇంటికి చేరతాడు. నీళ్ళు లచ్చుమక్కే తెస్తోంది. వేసవి ముదిరి బావిలో నీళ్ళు తగ్గాయి. రెండు ట్రిప్పులు మూడయ్యాయి.

ఉగాది ఆదివారం వచ్చింది. ఆ రోజు నడిపెన్న ఇంట్లో ఉన్నాడు. నేను తెస్తానని బిందె తీసుకుంటే ఆమె ఇవ్వలేదు. బావికాడ ఆడోళ్ళ వరసలో నువ్వు నిలబడితే మిగతావాళ్ళు నీళ్ళు పట్టుకోవాలా, నిన్ను చూసి నవ్వుకోవాలా అని పోయింది. గంటకి తిరిగొచ్చింది. సగం బిందె దించి, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"ఉగాదికి కొళాయి అంటివి" అంది. "ఏ ఉగాదికో అడగకపోవడం నాది తప్పు."

నడిపెన్న మర్నాడు క్వారీ మానేసి జిల్లా ఆఫీసుకి పోయాడు.

అతను మొత్తం మూడు అర్జీలు పెట్టుకున్నాడు. మొదటిదానికి, తవ్వకము నిషేధించబడియున్నందున నీటి విషయము ఈ విభాగ పరిధిలోనిది కాదు అని జవాబు వచ్చింది. రెండోదాంట్లో భార్య ఆపరేషన్ సంగతి రాసి ఆసుపత్రి కాగితం జతచేశాడు. సదరు రోగి మండలము వెలుపల నివసించుటకు ఎట్టి అభ్యంతరము లేదు, అయితే వెళ్ళునపుడు మట్టి తీసుకొనిపోరాదు అని వచ్చింది. మూడోదాంట్లో, యంత్రం మూడో మీట ఒక్కసారి తిప్పి చూడమని వేడుకున్నాడు. దానికి జవాబు తొందరగా వచ్చింది. ప్రభుత్వ పరికరము యొక్క అంతర్గత నిర్మాణము గురించిన సమాచారము అర్జీదారునికి ఏ విధముగా లభ్యమైనదో తెలియజేయవలసినది.

ఆ జవాబు పట్టుకుని ఏప్రిల్ పదకొండున ఆఫీసు ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే సుదర్శనం వచ్చాడు. మీటలో ఏముందో నీకు చెప్పింది నేనని మాత్రం రాయకు తండ్రీ అన్నాడు. రాయనని నడిపెన్న ఒట్టు పెట్టాడు. అప్పుడు సుదర్శనం నిన్న జరిగింది చెప్పాడు.

నిన్న విశ్వంభరరావు కర్రెబోడుపల్లె తనిఖీకి పోయి సాయంత్రం ఆఫీసుకి వచ్చాడు. యంత్రం బల్ల పక్కన ఉంది. మర్నాటి సర్వే కోసం చార్జింగు పెట్టి, ఆన్ చేసి ఉంచారు. ఆయన కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపాడు. యంత్రం కూసింది. కాళ్ళు వెనక్కి తీశాడు, ఆగింది. చాపాడు, కూసింది. బూట్లు విప్పించి చూస్తే, అడుగున గాడుల్లో మూడు గులకరాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. నిక్షేపం మండలం దాటి జిల్లా ఆఫీసు దాకా వచ్చేసింది. తెచ్చినవాడు అసిస్టెంట్ డైరెక్టరు. బూట్లకి ముద్ర వేసి ఖజానాకి పంపించారు. ఆయన ఉత్త కాళ్ళతో ఇంటికి పోయాడు. రాత్రంతా నిద్ర పోలేదని, పైకి ఏమని రిపోర్టు పంపాలో తెలియక తిరుగుతున్నాడని సుదర్శనం చెప్పాడు.

నడిపెన్న నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"మూడు రాళ్ళకే అంత గోలా సార్?"

"మూడు రాళ్ళకే."

"మా ఊళ్ళో తొంభైయారిండ్ల ఆడోళ్ళు రోజూ బావికి పోయేటప్పుడు ఆ బోర్డు దాటుతాండారు. మూడేసి సార్లు."

సుదర్శనం అతనివైపు చూశాడు.

"నీళ్ళు కావాలని అడిగితే మా ఆఫీసుకి వినపడదు నడిపెన్నా. సర్కారు సొత్తు పోతోందని రాయి. అది ఏ చెవికైనా వినపడుతుంది" అన్నాడు.

నాలుగో అర్జీ ఏప్రిల్ పదిహేనున పడింది. ఆఫీసు గేటు దగ్గర కూర్చునే రైటరు చేత నడిపెన్న రాయించాడు. మా గ్రామ ప్రజలు నీటి కొరకు దినమునకు మూడు పర్యాయములు మండలము దాటుచున్నందున, వారి పాదములకు అంటిన నిక్షేపము రోజూ వెలుపలికి పోవుచున్నది. పాదములు కడుగుకొనుటకు మండలమునందు ఎట్టి వసతియు లేదు. ఇప్పటివరకు ఎంత పోయినదో ఎవరికీ తెలియదు. సదరు నష్టమునకు బాధ్యులెవరో ప్రభుత్వమువారే నిర్ణయింపగలరు. పౌరుడిగా తెలియజేయుట నా విధి. కింద వేలిముద్ర కాకుండా సంతకం పెట్టాడు. అయిదో తరగతి దాకా చదివాడు.

ఆఖరి వాక్యానికి ముందు వాక్యం పనిచేసింది. బాధ్యులు అన్న మాట చదివి విశ్వంభరరావు అర్జీని రెండోసారి చదివాడు. ఏప్రిల్ ఇరవైయొకటిన ఉత్తర్వు వచ్చింది. మండల ముఖద్వారమున పాద ప్రక్షాళన కేంద్రము తక్షణమే నెలకొల్పవలెను. కడిగిన మట్టి మండలముననే నిలుచు విధముగా కేంద్రము ద్వారమునకు లోపలివైపున ఉండవలెను. నిరంతర నీటి సరఫరా ఏర్పాటు చేయవలెను.

నిరంతర నీటి సరఫరాకి పైపు కావాలి. పైపుకి కాలవ తవ్వాలి. తవ్వడానికి ధ్రువపత్రం కావాలి. గుమాస్తా ఈ చిక్కు ఎత్తి చూపించాడు. విశ్వంభరరావు ఒక పూట ఆలోచించి ఫైలు మీద ఇలా రాశాడు. "నిక్షేపమును తీయుటకై తవ్వునది తవ్వకము. నిక్షేపమును కాపాడుటకై తవ్వునది తవ్వకము కాదు, సంరక్షణ. సంరక్షణకు ధ్రువపత్రము అవసరము లేదు."

సంరక్షణ ఏప్రిల్ ఇరవైయైదున మొదలైంది. నడిపెన్న చీటీ చూపించి పదకొండు పనిముట్లూ తెచ్చుకున్నాడు. పాత ముగ్గు గీత చెరిగిపోయింది గాని దాని వెంబడి పాతిన కర్ర మేకులు ఉన్నాయి. ఆ మేకుల వెంబడే, ఆ రెండువందల పన్నెండు మీటర్లే, రెండున్నర అడుగుల లోతు తవ్వారు. ఆరుగురు మనుషులు, నాలుగు రోజులు. తీసిన మట్టిని తిరిగి ఆ కాలవలోనే పూడ్చారా లేదా అని కానిస్టేబులు పక్కన నిలబడి చూశాడు. కాలవలో కుండలేమీ దొరకలేదు. దొరకలేదన్న సంగతి రాయడానికి ఏ ఫారమూ లేదు.

ముఖద్వారం లోపలివైపు సిమెంటు గట్టు కట్టి నాలుగు కుళాయిలు బిగించారు. లచ్చుమక్క ఇంటి మెట్టునుంచి గట్టు పద్దెనిమిది అడుగులు. మే రెండో తేదీ శుక్రవారం పొద్దున ఆరు గంటలకి నీళ్ళు వదిలారు. ఖాదర్ బాషా బల్ల వేసుకుని, రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నాడు. రిజిస్టరులో నాలుగు గడులు. పేరు, ఊరు, వేళ, కడిగిన కాళ్ళు.

ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. ముందర లచ్చుమక్క ఉంది. బాషా ఉత్తర్వు చదివి వినిపించాడు. పాదములు మాత్రమే అని ఉందని, బిందెలు పట్టనియ్యడం కుదరదని చెప్పాడు. చెప్పి తల వంచుకున్నాడు. ఆయన గుడారానికి కూడా ఇన్నాళ్ళూ నీళ్ళు ఆ బావినుంచే వచ్చాయి. తెచ్చింది ఈ ఆడవాళ్ళే.

లచ్చుమక్క బిందెని బోర్లించి ఆయనకి అడుగు చూపించింది. నల్ల మట్టి అంటి ఉంది.

"ఇది నిచ్చేపం కాదా సార్?"

"నిక్షేపమే తల్లీ."

"కడగకుండా పంపిస్తావా?"

బాషా ఉత్తర్వు మళ్ళీ చూశాడు. "కడుక్కో. కానీ రిజిస్టర్లో కాళ్ళనే ఉంది. బిందెకి కాళ్ళు యాడివి?"

"నేను మోస్తే గదా అది నడిచేది. దానికీ రెండు రాసుకో."

"పైన కడిగితే సాలు గదమ్మా. లోపలెందుకు నింపుతాండావు?"

"లోపల మట్టి లేదని నువ్వు చూసినావా? ఇంటికి తీసుకపోయి మా ఇంట్లోనే పారబోస్తా. ఈడ పారబోస్తే కాలవలో పడి బయటికి పోతాది. అప్పుడు నీ ఉద్యోగం పోతాది."

వరసలో ఎవరో నవ్వారు. బాషా నవ్వలేదు. కలం మూత తీశాడు. ముందు మనిషి కాళ్ళు కడుక్కోవాలి, అది ఉత్తర్వు, దాన్ని తాను దాటనని చెప్పాడు. ఆ పైన బిందెకి రెండు కాళ్ళు. నిండు బిందెకైనా సగం బిందెకైనా రెండే. కడవకీ రెండే. ప్లాస్టిక్ డబ్బాకి కూడా రెండే. ఏడు గంటలకల్లా మొదటి పేజీ నిండింది.

నెల తిరిగేలోపు రాజధానినుంచి ప్రశ్న వచ్చింది. మే మూడవ వారపు నివేదికను పరిశీలించగా, సదరు గ్రామ జనాభా 412 అనియు, మనిషికి రెండు చొప్పున పాదములు 824 మాత్రమే ఉండవలెననియు తెలియుచున్నది. కాగా మే ఇరవైయొకటో తేదీన కడిగిన పాదములు 3,860. మిగిలిన 3,036 పాదములు ఎవరివి? వెలుపలి వ్యక్తులు మండలమున ప్రవేశించి తవ్వకములు జరుపుచున్నారా?

విశ్వంభరరావు తానే వచ్చి గట్టు దగ్గర నిలబడ్డాడు. కొత్త చెప్పులు వేసుకుని ఉన్నాడు. బిందెలు చూశాడు. రిజిస్టరు చూశాడు. బాషాని ఏమీ అడగలేదు. నడిపెన్నని పిలిపించి, ఊళ్ళో పశువులెన్ని అని అడిగాడు. మేకలు నూటనలభై, ఎనుములు పదకొండు అని నడిపెన్న చెప్పాడు. అంతేనా అని ఆయన అడిగాడు.

"ఎన్ని కావాల సార్?" అన్నాడు నడిపెన్న.

విశ్వంభరరావు గుమాస్తా దగ్గర కాగితం తీసుకుని 3,036ని నాలుగుతో భాగించాడు. ఏమీ మిగల్లేదు. జవాబు ఆ సాయంత్రమే పోయింది. మిగిలిన పాదములు గ్రామమునందలి 759 పశువులవని, పశువునకు నాలుగు చొప్పున లెక్క సరిపోయినదని, పశువుల గిట్టల ద్వారా కూడా నిక్షేపము పోకుండ విభాగము చర్య తీసుకొనుచున్నదని అందులో ఉంది. జవాబు సంతృప్తికరమని డైరెక్టరుగారు రాశారు. పశువుల కొరకు ఇంకొక నాలుగు కుళాయిలు మంజూరు చేశారు. కర్రెబోడు పద్ధతిని మిగతా జిల్లాల్లో కూడా పరిశీలించమని సర్క్యులర్ పంపించారు.

జూన్ ఒకటో తేదీ నాటికి ఉన్న పరిస్థితి ఇది. సర్పంచి సంజన్న ఇసుకని ఒప్పుకున్నాడు. ఆ కేసు ఇంకో విభాగానికి చెందినది కాబట్టి అక్కడ వేరే నంబరు పడింది, ఇక్కడి కేసు కొట్టివేయలేదు. ఖజానాలో నలభై ఒక్క రాళ్ళు, ఒక జత బూట్లు రెండు తాళాల కింద ఉన్నాయి. ఎన్నికల పెట్టెలు వరండాలోనే ఉన్నాయి. నడిపెన్న పనిముట్లు తిరిగి గుడారంలో ఉన్నాయి, అతను ఆరున్నర బస్సుకే పోతున్నాడు. సుదర్శనం దగ్గరున్న యంత్రం మూడో మీట మీద లక్క ముద్ర చెదరలేదు.

జూన్ రెండో తేదీ రిజిస్టరులో మొదటి వరస ఇలా ఉంది.

పేరు: పల్లపు లచ్చుమక్క. ఊరు: కర్రెబోడుపల్లె. వేళ: ఉదయం 5.50. కడిగిన కాళ్ళు: నాలుగు.